కొండ ఎక్కని కారు: తప్పు టర్బోదేనా?

హైదరాబాదు నుంచి వస్తూ దోమలపెంట దాటి ఘాట్ రోడ్డు దిగి, కృష్ణ మీద వంతెన దాటాక, శ్రీశైలం చేరాలంటే సున్నిపెంట వైపు మళ్లీ కొండ ఎక్కాలి. సరిగ్గా ఆ ఎక్కుడులో మా అక్క వాళ్ల డీజిల్ కారు మొరాయించింది. నలుగురు మనుషులు, డిక్కీలో రెండు సంచులు, అంతే బరువు. ఎప్పుడూ మూడో గేరులో హాయిగా ఎక్కే మలుపుల్లో రెండో గేరులోనూ మూలుగుతూ నడిచింది. వెనక అద్దంలో చూస్తే నల్లటి పొగ. కాసేపటికి మీటర్ల మధ్య పసుపు రంగు ఇంజిన్ దీపం వెలిగింది. ఎలాగో దర్శనం చేసుకుని మెల్లగా హైదరాబాదు చేరుకున్నారు. మర్నాడు షెడ్డుకు తీసుకెళితే స్కానర్ తగిలించిన కుర్రాడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "టర్బో పోయింది సార్, కొత్తది వేయాల్సిందే."

బావగారు నాకు ఫోన్ చేసింది ఆ మాట విన్నాకే. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కారు టర్బోకు ఏ జబ్బూ లేదు. ఇలాంటివి చాలా చూశాను కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. కారులో అన్నిటికంటే ఖరీదైన విడిభాగాల్లో టర్బో ఒకటి. దాని మీద నేరం మోపడం సులువు. అది నిజంగా నేరం చేసిందో లేదో తేల్చడానికి మాత్రం ఒక పూట ఓపిక కావాలి. ఆ ఓపిక లేకపోతే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే అవుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, టర్బో నిజంగానే పోయినప్పుడు కూడా, అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారిన పోతుంది.

టర్బో చేసే పని

ఇంజిన్ తినేది ఇంధనం అనుకుంటాం కానీ, తూకం వేసి చూస్తే అది ఎక్కువగా తినేది గాలి. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 12 కిలోల గాలి కావాలి. కొలతలో చెప్పాలంటే దాదాపు 10 వేల లీటర్లు. చిన్న ఇంజిన్ తనంతట తాను అంత గాలిని పీల్చుకోలేదు. అందుకే గాలిని నొక్కి లోపలికి తోసే పంపు ఒకటి పెట్టారు. ఆ పంపును తిప్పడానికి విడిగా మోటారు అక్కరలేదు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగ వేగమే దాన్ని తిప్పుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నారు. అది డీజిల్ ఇంజిన్‌తో మామూలు కారులోకి రావడానికి మరో డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. 1978లో మెర్సిడెస్ 300ఎస్‌డీ వచ్చింది.

మన రోడ్ల మీద తెలిసిన ఉదాహరణ కావాలంటే ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ చూడండి. ఘనపరిమాణం 1,248 సీసీ. మారుతీ, టాటా, ఫియట్ మూడు కంపెనీల కార్లలోనూ అది తిరిగింది. స్థిరమైన టర్బో ఉన్న రకం 75 హార్స్‌పవర్, మారే రేకుల టర్బో (దాని సంగతి కిందకు వచ్చాక చెబుతాను) ఉన్న రకం 90 హార్స్‌పవర్ ఇచ్చేవి. అదే ఇంజిన్, అదే సిలిండర్లు. రెంటికీ అసలు తేడా గాలిని తోసే తీరులోనే ఉంది.

టర్బో అంటే ఒకే షాఫ్టుకు రెండు కొసల్లో రెండు చిన్న చక్రాలు. ఒకటి వేడి పొగలో తిరుగుతుంది, రెండోది చల్లని గాలిని నొక్కుతుంది. కుటుంబ కార్లలో ఆ గాలి చక్రం వ్యాసం నాలుగు సెంటీమీటర్లు, అటూ ఇటూగా. అది నిమిషానికి రెండు లక్షల సార్లు తిరుగుతుంది. లెక్క వేస్తే, ఆ వేగంలో చక్రం అంచు ధ్వని వేగాన్ని మించి పరుగెడుతూ ఉంటుంది. అటు కొసన డీజిల్ ఇంజిన్ పొగ 700, 800 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య షాఫ్టును మోసేది బాల్ బేరింగు కాదు, చాలా కార్లలో అది ఒక కంచు బుష్షు. ఆ బుష్షు కూడా షాఫ్టును తాకదు. బుష్షుకు లోపలా బయటా పల్చని ఇంజిన్ ఆయిల్ పొర ఉంటుంది. షాఫ్టు ఆ ఆయిల్‌లో తేలుతూ తిరుగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే టర్బో చావుబతుకుల్లో ముప్పాతిక భాగం అర్థమైనట్టే.

కోడు చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

స్కానర్‌లో బావగారి కారు చూపిన కోడు పీ 0299. దాని అర్థం టర్బో చెడిందని కాదు. "నేను కోరినంత గాలి ఒత్తిడి నాకు అందలేదు" అని ఇంజిన్ కంప్యూటర్ చేసే ఫిర్యాదు అది. కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయంటే మోటారు కాలిపోయి ఉండవచ్చు, పైపు పగిలి ఉండవచ్చు, వాల్వు సగం మూసి ఉండవచ్చు. కుళాయి దగ్గర నిలబడి మోటారు మార్చమనడం ఎంత తొందరపాటో, ఆ కోడు చూసి టర్బో మార్చమనడమూ అంతే. దీనికి అన్నలాంటిది పీ 0234. అది ఒత్తిడి మరీ ఎక్కువైందని చెప్పేది. ఏది వచ్చినా కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడుకోవడానికి డీజిల్ తగ్గించి, బండిని కుంటినడకకు దింపుతుంది. దాన్నే షెడ్డుల్లో లింప్ మోడ్ అంటారు. తాళం తిప్పి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడవడం, మళ్లీ ఎత్తు రాగానే మొరాయించడం దీని స్వభావం.

కోడు కంటే ముందు పొగ రంగు చూడాలని నేను పట్టుబడతాను. పికప్ తగ్గి, నల్లపొగ వస్తోందంటే డీజిల్ అందుతోంది, గాలి చాలడం లేదు. పికప్ తగ్గింది కానీ పొగే లేదంటే అనుమానం ముందు డీజిల్ ఫిల్టర్ మీదకు, పంపు మీదకు పోవాలి. అయితే కంప్యూటర్ ముందే డీజిల్ తగ్గించేస్తే గాలి లోపంలోనూ పొగ కనబడకపోవచ్చు కాబట్టి ఇది తిరుగులేని తీర్పు కాదు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. అప్పుడు టర్బోను అనుమానించడానికి కారణం ఉంది, అయినా శిక్ష వేయడానికి అది చాలదు. ఎందుకో కిందకు వచ్చాక చెబుతాను.

తర్వాత చెవులు. గాలి గొట్టం చిరిగితే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బుస్సుమని పాము బుసకొట్టినట్టు వినిపిస్తుంది. టర్బో లోపలి చక్రం గోడకు రాసుకుంటే ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ అంబులెన్సు సైరన్ లాంటి కూత వస్తుంది. టర్బోకు ముందున్న పొగ గొట్టం దగ్గర గ్యాస్కెట్ పోతే చల్లని ఇంజిన్‌లో టపటపమని కొట్టుకుని, వేడెక్కాక తగ్గుతుంది. అన్ని టర్బోలకూ సన్నని ఈల సహజమే. ఆ ఈల నిన్నటిలా లేకుండా మారితేనే చింతించాలి. ఆ తేడా మెకానిక్ కంటే రోజూ నడిపే మనిషికే ముందు తెలుస్తుంది.

తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా

ఇప్పుడు స్కానర్ పట్టుకోవచ్చు. మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, గాలి ఒత్తిడి సెన్సర్ ఎంత చూపుతోందో చదవండి. ఇంజిన్ తిరగనప్పుడు ఆ గొట్టంలో ఉండేది బయటి గాలే. కాబట్టి విజయవాడలో అయితే అది సుమారు 100 కిలోపాస్కల్స్ చూపాలి. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గర చూపాలి. 95 రావాల్సిన చోట 75 గానీ 130 గానీ చూపిందంటే సెన్సర్ అబద్ధం చెబుతోంది. చాలాసార్లు దాని ముక్కుకు మసి, ఆయిల్ కలిసి గట్టిపడి ఉంటాయి. విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటి ఉంది. స్కానర్‌లో కనబడే 220 కిలోపాస్కల్స్ అంతా టర్బో సృష్టించింది కాదు. అందులో మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి కూడా కలిసి ఉంటుంది. దాన్ని తీసివేస్తే టర్బో అదనంగా ఇచ్చింది సుమారు 120, అంటే 1.2 బార్. కొందరు మెకానిక్‌లు ఈ తీసివేత మరచి, సరిగానే ఉన్న టర్బోను ఎక్కువ నొక్కుతోందని, బలహీనపడినదాన్ని బాగుందని అనుకుంటారు.

రెండో పరీక్ష రోడ్డు మీద. ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవారు రెండు అంకెలు చూడాలి. కంప్యూటర్ కోరుతున్న ఒత్తిడి ఒకటి, నిజంగా వస్తున్న ఒత్తిడి రెండోది. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో, ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగే దగ్గర నుంచి గట్టిగా తొక్కితే రెండూ కొద్దిపాటి తేడాతో కలిసి ఎక్కాలి. నిలబెట్టి రేజ్ చేస్తే ఈ పరీక్ష పనికిరాదు. ఇంజిన్ మీద బరువు లేనప్పుడు పొగ తక్కువ, టర్బోకు పనీ తక్కువ. బావగారి కారును ఔటర్ రింగు రోడ్డు పక్క రోడ్డులో ఇలా పరీక్షించాం. కోరింది 210 దాటింది, వచ్చింది 140 దగ్గర ఆగిపోయింది. లోపం నిజమే. అయితే అది ఎక్కడ అన్నదే ప్రశ్న.

అరచేతి మందం లేని చిరుగు

టర్బో నొక్కిన గాలి నేరుగా ఇంజిన్‌లోకి పోదు. నొక్కితే గాలి వేడెక్కుతుంది కాబట్టి ముందు బంపరు వెనకున్న ఇంటర్‌కూలర్‌కు వెళ్లి చల్లబడి తిరిగి వస్తుంది. వెళ్లే దారిలో, వచ్చే దారిలో రబ్బరు గొట్టాలు, వాటికి క్లాంపులు ఉంటాయి. ఆ గొట్టాలు పదేళ్లు ఇంజిన్ వేడినీ ఆయిల్ ఆవిరినీ మోస్తాయి. నా అనుభవంలో ఒత్తిడి తగ్గిన బండ్లలో ఎక్కువ వాటికి వ్యాధి ఇక్కడే దొరికింది.

ఎందుకు తప్పించుకుంటుందో చెబుతాను. ఇంజిన్ ఆపి చూసినప్పుడు చిరుగు మూసుకుని ఉంటుంది. చేత్తో తడిమినా తెలియదు. లోపల ఒక బార్ ఒత్తిడి వచ్చినప్పుడు మాత్రమే అది నోరు తెరుస్తుంది. అందుకే మా పరీక్ష ఇలా చేశాం. ఎయిర్ ఫిల్టర్ దగ్గర గొట్టం విప్పి, దాని మూతికి సరిపడే బిరడా బిగించి, టైర్లలో గాలి కొట్టే కంప్రెసర్ నుంచి మెల్లగా గాలి ఎక్కించాం. ఒక బార్ దాటనివ్వకూడదు, దాటితే కొత్త లీకులు మనమే సృష్టించినట్టవుతుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు సీసాలో పోసి గొట్టాల పొడవునా చల్లుకుంటూ పోయాం. పైనున్న గొట్టాలన్నీ శుభ్రం. ఇంటర్‌కూలర్ కింది మూతి దగ్గర, క్లాంపు అంచుకు ఆనుకుని, బుడగలు పొంగాయి. ఒకటి కాదు, బీరు నురగలా ముద్దగా. క్లాంపు విప్పి గొట్టం వంచితే, అరచేతి అడ్డు కొలతలో సగం కూడా లేని ఒక చిరుగు. దాని చుట్టూ రబ్బరు మీద ఆయిల్ తడిసి దుమ్ము అంటుకుని నల్లగా ఉంది. కింద నుంచి చూసే అలవాటు ఉంటే ఆ మరక ముందే పట్టించేది.

కొత్త గొట్టం, రెండు కొత్త క్లాంపులు. షెడ్డు చెప్పిన టర్బో ధరలో అది చిల్లర.

ఈ పరీక్షలో ఒక హెచ్చరిక. ఆయిల్ పోసే మూత దగ్గర కొంచెం గాలి చప్పుడు వినిపిస్తే అది లీకు అని పొరబడకండి. ఇంజిన్ ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరిచి ఆగి ఉంటుంది, పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గాలి కిందకు జారడం మామూలే. మరో సంగతి: గొట్టం విప్పినప్పుడు లోపల ఆయిల్ పూత పల్చగా కనిపిస్తే కంగారు పడకండి. ఇంజిన్ లోపలి ఆవిర్లను అదే దారిలో పంపేలా బండి తయారవుతుంది, ఆ పూత అందువల్లనే. గొట్టం వంచితే ధారగా కారితే మాత్రం ఆలోచించాలి.

కడ్డీ కదులుతోందా

గొట్టాలన్నీ గట్టిగా ఉంటే తర్వాతి అనుమానం టర్బోను అదుపు చేసే యంత్రాంగం మీదకు పోతుంది. పాత తరహా స్థిరమైన టర్బోలో పక్కదారి తలుపు ఒకటి ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే అది తెరుచుకుని పొగను చక్రానికి తగలకుండా పంపేస్తుంది. అది సరిగా మూసుకోకపోతే ఒత్తిడి రాదు. మారే రేకుల టర్బోలో తలుపు ఉండదు, వేడి చక్రం చుట్టూ చిన్న చిన్న రేకులు వలయంగా ఉంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరకు ముడుచుకుని పొగను సన్నని దారిలో వేగంగా చక్రం మీదకు కొడతాయి. తోట పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరం చిమ్మినట్టు. వేగం పెరిగాక అవి విచ్చుకుంటాయి.

ఈ రేకులను ఒక కడ్డీ తిప్పుతుంది. చాలా డీజిల్ కార్లలో ఆ కడ్డీని లాగేది వాక్యూమ్. ఒక మనిషిని తాళం దగ్గర కూర్చోబెట్టి, మీరు బానెట్ ఎత్తి కడ్డీని చూస్తూ స్టార్ట్ చేయమనండి. స్టార్ట్ కాగానే కడ్డీ చటుక్కున లోపలికి పోవాలి, ఆపగానే వెనక్కి రావాలి. కదలకపోతే సాధారణంగా రెండు కారణాలు. వాక్యూమ్ అందడం లేదు, లేదా రేకులు మసితో బిగుసుకుపోయాయి. చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగితే ఏది నిజమో తేలుతుంది. పంపుతో కడ్డీ నున్నగా కదిలి, పంపు మీదున్న మీటరు ముల్లు జారకుండా నిలబడితే టర్బో మంచిదే. తప్పు సన్నని వాక్యూమ్ గొట్టాలదో, వాక్యూమ్‌ను వదిలే, ఆపే కరెంటు వాల్వు సోలెనాయిడ్‌దో. ఇంజిన్ వేడికి ఆ సన్న గొట్టాలు బిస్కెట్లలా పెళుసెక్కి పగులుతాయి, మీటరు పొడవు గొట్టం పది నిమిషాల్లో మార్చవచ్చు. డీజిల్ కార్లలో బ్రేకుకు బలం ఇచ్చే వాక్యూమ్ కూడా సాధారణంగా ఈ కడ్డీకి వాక్యూమ్ ఇచ్చే ఇంజిన్ పంపు నుంచే వస్తుంది. కాబట్టి పికప్ తగ్గడంతో పాటు బ్రేకు పెడల్ గట్టిపడిందని ఎవరైనా చెబితే, ముందు వాక్యూమ్ పంపునే చూడాలి. అది పికప్ కంటే ముఖ్యమైన విషయం కూడా.

కడ్డీ తడబడుతూ, పట్టి పట్టి కదిలితే రేకుల వలయంలో మసి పేరుకుంది. నగరంలో రోజూ రెండు కిలోమీటర్లు, నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. టర్బో దించి, వేడి వైపు విప్పి, ఆ వలయాన్ని శుభ్రం చేస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. సీసాలో కొనే మందు డీజిల్‌లో పోస్తే ఆ గట్టి మసి కరిగిపోతుందన్న మాట నేను నమ్మను. కడ్డీ చివరి నట్టును రెండు చుట్లు బిగించి "పికప్ పెంచాను" అనే పనిని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఆ కొలత టర్బో తయారయ్యేచోట యంత్రం మీద పెట్టింది. దాన్ని కదిపితే చక్రం తన హద్దు దాటి తిరుగుతుంది.

ఇవి కాక రెండు దొంగ కారణాలున్నాయి. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకునే ఉండిపోతే, చక్రాన్ని తిప్పాల్సిన పొగ పక్కదారి పడుతుంది. సైలెన్సర్ దారిలో ఉండే జల్లెడ మూసుకుపోతే పొగ బయటకు పోలేక టర్బో ఊపిరి ఆగుతుంది. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్ కార్లలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి వాటిలో ఈ రెండోదాన్ని తప్పక చూడాలి.

ఇప్పుడు టర్బోను ముట్టుకోవచ్చు

ఇన్నీ చూశాక, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, గాలి వైపు గొట్టం విప్పి చక్రాన్ని వేళ్లతో పట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా అటు వేలు పెట్టడం వేలు పోగొట్టుకోవడమే. షాఫ్టును పక్కలకు కదిపితే కాస్త ఆడుతుంది. అది చూసి టర్బో పోయిందని చెప్పేవారు చాలామంది. ఆయిల్ పొరలో తేలే షాఫ్టు ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు కొంచెం ఆడటమే ధర్మం. ఆడుతూ వెళ్లి చక్రం అంచు గోడను తాకితేనే తప్పు. తర్వాత లోపలికి తోసి, బయటకు లాగి చూడండి. ఆ దిశలో కదలిక వేలికి తెలియనే కూడదు. టక్కుమని తగిలిందంటే షాఫ్టును ముందుకూ వెనక్కూ జారకుండా పట్టే బేరింగు అరిగింది, ఇక ఆ టర్బో దించాల్సిందే. చక్రం రెక్కల అంచులు చూడండి. చిన్న చిన్న నొక్కులు, విరుపులు ఉంటే ఏదో వస్తువు లోపలికి పోయింది. ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడు పెట్టెలో మరచిపోయిన చిన్న వాషరు చాలు.

ఇక నీలం పొగ సంగతి. టర్బోలో ఆయిల్‌ను ఆపేది రబ్బరు సీలు కాదు. పిస్టన్ రింగులాంటి సన్నని ఇనుప వలయం. అది పనిచేయాలంటే టర్బోలోకి వచ్చిన ఆయిల్ అడ్డు లేకుండా కిందకు జారిపోవాలి. ఆయిల్ లోపలికి ఒత్తిడితో వస్తుంది, బయటకు మాత్రం తన బరువుతో జారుతుంది. తిరిగి వెళ్లే గొట్టం మడత పడినా, మడ్డి పట్టినా, ఇంజిన్ ఆవిర్లు బయటకు పోయే దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినా, ఆయిల్ ఆ వలయాలను దాటి గొట్టాల్లోకి వస్తుంది. టర్బో నిక్షేపంగా ఉన్నా ఆయిల్ తింటున్నట్టు కనిపిస్తుంది. స్టార్ట్ చేసి ఆయిల్ మూత వదులు చేస్తే అది ఎగిరెగిరి పడుతుంటే, టర్బో దించే ముందు ఆ దారి శుభ్రం చేయించండి.

రెండోసారి పోయిన టర్బో

మా వీధిలో ఒకాయన బండికి షాఫ్టు నిజంగానే విరిగింది. మంచి టర్బోనే తెచ్చి వేయించుకున్నారు. రెండు వారాలు తిరగకముందే మళ్లీ సైరన్ కూత. షెడ్డువారు కొత్త టర్బో నాసిరకం అన్నారు. దించి చూస్తే షాఫ్టు నీలం రంగుకు తిరిగి, దాని మీద గీతలు పడి ఉన్నాయి. ఆయిల్ అందక వేడెక్కిన గుర్తు అది. ఆయిల్ తెచ్చే సన్న గొట్టాన్ని నేను ఇనుప రంపంతో అడ్డంగా కోయించాను. లోపల అగ్గిపుల్ల కూడా దూరలేదు. మిగతా అంతా నల్లగా, గట్టిగా, మాడిన చింతపండులా కాలిన ఆయిల్. పాత టర్బోను చంపింది ఆ గొట్టం. దాన్నే తీసి కొత్త టర్బోకు బిగించారు.

అందుకే నా మాట: టర్బో మార్చేటప్పుడు ఆ ఆయిల్ గొట్టం శుభ్రం చేయడం కాదు, కొత్తది వేయండి. దాని బోల్టులో సన్న జల్లెడ ఉండే బండ్లలో ఆ బోల్టూ మార్చండి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చడం తప్పనిసరి. ఆయిల్ మడ్డిగా ఉందంటే ఛాంబరు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దించి, ఆయిల్ పీల్చే జల్లెడ చూడాలి, గేజీ పెట్టి ఆయిల్ ఒత్తిడి కొలవాలి. టర్బో మొదట చస్తుంది కానీ, అదే దారిలో తర్వాతి వంతు క్రాంక్ బేరింగులదే.

బాగుచేయడానికి మూడు దారులున్నాయి. కంపెనీ నుంచి పూర్తి కొత్త టర్బో అన్నిటికంటే ఖరీదు, అన్నిటికంటే నిశ్చింత. రెండోది మధ్య భాగం మాత్రమే మార్చడం, అంటే షాఫ్టు, చక్రాలు, బేరింగులు కలిసి ఉన్న కార్ట్రిడ్జి. బయటి పెంకులు బాగుంటే ఇది చాలా మంచి మార్గం. అయితే ఆ కార్ట్రిడ్జిని అధిక వేగంలో తిప్పి బ్యాలెన్స్ చేసిన కాగితం అడగండి. మారే రేకుల రకమైతే రేకుల కనిష్ఠ స్థానాన్ని యంత్రం మీద సరిచేశారా అని కూడా అడగండి. మూడోది, లేత్ షాపులో బుష్షు, వలయాలు మార్చి బిగించి ఇవ్వడం. నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగే వస్తువును బ్యాలెన్స్ చేయకుండా బిగించడం నాకు సమ్మతం కాదు, ఎంత చౌకైనా సరే.

బిగించే రోజు

టర్బో రెక్కలు విరిగి పోయి ఉంటే ఆ ముక్కలు ఎక్కడికి వెళ్లాయో వెతకాలి. గాలి వైపువైతే ఇంటర్‌కూలర్‌లో ఉంటాయి. వాటిని అక్కడే వదిలేస్తే తర్వాతి మజిలీ సిలిండరు.

ఆయిల్ విషయం అంతకంటే ప్రమాదం. పాత టర్బో వదిలిన ఆయిల్ ఇంటర్‌కూలర్ అడుగున నిలిచి ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కు ఇంజిన్ ఆయిల్ కూడా ఇంధనమే. కొత్త టర్బో గాలి ఊదగానే ఆ ఆయిల్ సిలిండర్లలోకి పోయి మండితే ఇంజిన్ తనంతట తానే వేగం అందుకుంటుంది. తాళం తీసేసినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌ను మాత్రమే. తెల్లటి, నీలపు పొగ మేఘంలో ఇంజిన్ అరుస్తూ పగిలేదాకా పోతుంది. చేతి గేర్ల బండిలో బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఆపడమే దారి. నిమిషం కూడా ఉండదు నిర్ణయానికి. కాబట్టి ఇంటర్‌కూలర్ దించి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించారా అని కళ్లారా చూసుకోండి. ఈ పని ఒక పూట ఎక్కువ పడుతుంది. ఆ పూట మిగుల్చుకోవాలనుకునే షెడ్డులో టర్బో పని చేయించకండి.

బిగించేటప్పుడు ఆయిల్ రంధ్రాల దగ్గర సిలికాన్ గమ్ పూయకూడదు. పిండుకొచ్చిన ముక్క ఒకటి లోపల తెగి పడితే ఆయిల్ దారి మూసుకుంటుంది. గ్యాస్కెట్ చాలు. గొట్టం బిగించే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పాలి. డీజిల్ అందకుండా చేసి కొన్ని సార్లు సెల్ఫ్ కొట్టాలి, ఆయిల్ గొట్టాల్లోకి ఎక్కేదాకా. అప్పుడు స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు నిశ్చలంగా నడవనివ్వాలి. రేజ్ చేసి "చూశారా" అనే ఉత్సాహం ఆ రోజుకు వద్దు.

పెట్రోలు కార్లవారు ఇది తమకు సంబంధం లేదనుకోనక్కరలేదు. 2020లో మారుతీ డీజిల్ కార్లు ఆపేసినా, టర్బో మాత్రం పెట్రోలు ఇంజిన్లలోకి వచ్చేసింది. ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోలు కార్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాటిలో పొగ వేడి డీజిల్ కంటే ఎక్కువ, 950 డిగ్రీలు దాటుతుంది. చాలా వాటిలో టర్బోకు నీళ్ల చల్లదనం కూడా ఉంటుంది. దానివల్ల ఆయిల్ మాడటం తగ్గుతుంది, ఆయిల్ మార్చే గడువు మాత్రం పెరగదు. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ వేయండి. ఏడాదికి కొద్ది వేల కిలోమీటర్లే తిరిగినా ఏడాదికొకసారి మార్చండి. హైవే మీద గంటల తరబడి వేగంగా వచ్చి హోటలు ముందు ఆపినప్పుడు నిమిషం పాటు ఇంజిన్ నడవనివ్వండి. కూరగాయల మార్కెట్టుకు వెళ్లివచ్చినప్పుడు అదీ అక్కరలేదు.

గొట్టం మార్చిన మర్నాడు ఉదయం బావగారితో అదే పక్క రోడ్డుకు వెళ్లాను. కోడు తుడిచి, స్కానర్ ఒళ్లో పెట్టుకున్నాను. మూడో గేరు, 1,500, గట్టిగా తొక్కారు. కోరింది 210, వచ్చింది 206. మళ్లీ తొక్కారు, 212కి 209. అద్దంలో పొగ లేదు. వారం తర్వాత క్లాంపులు మరోసారి బిగించాం, కొత్త రబ్బరు వేడికి కాస్త కుదురుకుంటుంది కాబట్టి. పాత గొట్టాన్ని బావగారు పారేయలేదు. ఎవరైనా టర్బో అనగానే ఆ చిరుగును వేలితో విప్పి చూపిస్తున్నారు.